శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల్లో ఎండుగడ్డి

ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా సాగే తీరంలోనూ, దాని వెనక పార్వతీపురం, సాలూరు కొండల అంచు వరకు పరుచుకున్న పల్లపు పొలాల్లోనూ పాడిపశువుకు ఏడాది పొడుగునా ఆధారం వరిగడ్డి. కేవలం మేత కోసం గడ్డి పెంచి, కోసి, ఎండబెట్టి దాచుకునే అలవాటు ఇక్కడి చిన్న రైతుకు తక్కువ. ఎకరం, రెండెకరాల పొలంలో తిండిగింజకే చోటు చాలదు. అందుకే తిండిపంట విడిచిన గడ్డే పశువుకు మేత అవుతుంది. దానికి చోడిగడ్డి, వేరుశనగ కట్టె, ఉలవ పొట్టు, గట్ల మీద పెరిగిన గరిక తోడవుతాయి. వీటిలో చాలావరకు చేతికొచ్చేది ఆశ్వయుజం నుంచి మార్గశిరం దాకా. బంగాళాఖాతంలో వాయుగుండాలు లేచే కాలమూ అదే. ఈ రెండు జిల్లాల్లోనూ, 2022 ఏప్రిల్‌లో విడివడిన పార్వతీపురం మన్యం జిల్లా పల్లపు మండలాల్లోనూ ఎండుగడ్డి చేసుకోవడమంటే వానకూ వానకూ మధ్య దొరికిన తెరిపిని వాడుకోవడమే.

ఎకరాకు 20 నుంచి 25 క్వింటాళ్ల ధాన్యం పండితే దాదాపు అంతే బరువు గడ్డి వస్తుంది. ఒక గేదెకు రోజుకు 6 కిలోల ఎండుగడ్డి లెక్కన ఏడాదికి 22 క్వింటాళ్లు కావాలి. అంటే ఎకరం గడ్డి ఒక గేదెకు సరిగ్గా సరిపోతుంది, మిగులు ఉండదు. గడ్డివామిలో అయిదో వంతు కుళ్లిందంటే రెండు నెలల పైచిలుకు మేత పోయినట్టే. ఆ లోటు చైత్ర వైశాఖాల్లో తెలుస్తుంది. అప్పటికి గట్లు ఎండిపోయి ఉంటాయి, కొనబోతే గడ్డి ధర పెరిగి ఉంటుంది. ధాన్యం తడిస్తే పరిహారం లెక్క వేస్తారు. గడ్డి తడిస్తే ఎవరూ లెక్క వేయరు. చిన్న రైతు ఇంటి ఆదాయంలో పాల డబ్బుకు ఉన్న పాత్ర చూస్తే, గడ్డిని ధాన్యం వెనక మిగిలిన చెత్తగా చూడటం తగదు. ధాన్యానికి పడే శ్రద్ధలో సగమైనా దానికి దక్కాలి.

వానలు, కార్తెలు, మంచు

ఈ ప్రాంతంలో ఏటా సగటున 1100 మిల్లీమీటర్ల పైచిలుకు వాన పడుతుంది. ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి వానగా కురుస్తుంది. అక్టోబరు నుంచి పడే వాన మొత్తంలో తక్కువే అయినా, పడే తీరు వేరు. నెలంతా పొడిగా ఉండి రెండు రోజుల్లో నెల వాన కుమ్మరించి పోతుంది. పైలిన్ తుపాను 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. హుద్‌హుద్ 2014లో అదే తేదీన విశాఖపట్నం మీద పడింది. తిత్లీ 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరి తోటలను కూల్చింది, వంశధార, బాహుదా, మహేంద్రతనయ నదులను పొంగించింది. మూడూ చిత్త కార్తె మొదలయ్యే రోజులు. వరి అప్పుడు పొట్టమీదనో, ఈనికమీదనో, గింజ పాలుపోసుకునే దశలోనో ఉంటుంది. ఆ వానకు చేను పడిపోయి బురదలో నానితే ధాన్యంతో పాటు గడ్డీ చెడుతుంది. గులాబ్ 2021 సెప్టెంబరు 26న కళింగపట్నానికి ఉత్తరాన తీరం దాటింది. అది చోడి, వేరుశనగ చేతికొచ్చే వేళ.

కోత రైతును ఎక్కువ దెబ్బతీసేవి మాత్రం డిసెంబరు వానలు. అనూరాధ, జ్యేష్ఠ కార్తెల్లో చేలు కోసి పనలు పరిచి ఉంటాయి. 2018 డిసెంబరులో పెథాయ్, 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ చాలా దూరాన తీరం చేరినా ఉత్తరాంధ్రలో కోసిన పనలను తడిపాయి. తుపాను ఎక్కడ తీరం దాటుతుందన్న దానికంటే, దాని మబ్బు ఎంత దూరం పాకుతుందన్నదే గడ్డి రైతుకు ముఖ్యం.

వాన లేని రోజున కూడా రెండు అడ్డంకులు ఉన్నాయి. ఒకటి సముద్రపు తేమ. తూర్పుగాలి వీస్తున్నంతసేపు తీరం పక్క ఊళ్లలో ఎండ ఎంత కాసినా గడ్డి ఒక స్థాయిని దాటి ఎండదు. చుట్టూ గాలిలో తేమ 80 శాతం మించి ఉంటే పూర్తిగా ఎండిన గడ్డి కూడా తిరిగి తడి పీల్చుకుంటుంది. రెండోది మంచు. మార్గశిర, పుష్య మాసాల్లో పార్వతీపురం, బొబ్బిలి, పాలకొండ వైపు రాత్రి కురిసిన మంచు పొద్దెక్కేదాకా ఆరదు. రోజులో గడ్డి నిజంగా ఎండేది ఉదయం తొమ్మిది, పది గంటల నుంచి సాయంత్రం నాలుగు దాకానే.

ఎండటంలో జరిగేది

పచ్చిగడ్డి బరువులో 75 నుంచి 80 శాతం నీరు. దాచుకోదగిన ఎండుగడ్డిలో 15 శాతానికి మించి ఉండకూడదు. వంద కిలోల పచ్చిగడ్డిలో 80 కిలోల నీరుంటే, అది ఎండుగడ్డి అయ్యేసరికి 23, 24 కిలోలకు దిగుతుంది. మిగిలిన 76 కిలోల నీటినీ ఎండా గాలీ తీసుకుపోవాలి.

ఈ నీరు ఒకే వేగంతో పోదు. మొదటి సగం ఆకు రంధ్రాల గుండా గంటల్లో పోతుంది. తరువాతది కాడ లోపలి నుంచి మెల్లగా ఊరి బయటికి రావాలి. కోసిన గడ్డి వెంటనే చచ్చిపోదు. తేమ 40 శాతానికి దిగేదాకా దాని కణాలు ఊపిరి తీసుకుంటూ, తమలోని చక్కెరలను తామే ఖర్చు చేసుకుంటాయి. మొదటి రోజు ఎండ బాగా తగిలితే ఆ ఖర్చు ఆగిపోతుంది. మబ్బుపట్టి రెండు రోజులు వాడిపోతూ ఉంటే, వాన చుక్క పడకపోయినా సారం తగ్గుతుంది. సగం ఎండాక వాన పడితే నష్టం ఇంకా ఎక్కువ. చచ్చిన కణాల గోడలు నీటిని ఆపలేవు కనుక కరిగే చక్కెరలు, ఖనిజాలు కడిగినట్టు పోతాయి. కోసిన గంటలోనే పడిన వాన చేసే చెరుపు, రెండో రోజు సాయంత్రం పడిన వాన చేసే చెరుపులో చిన్న వంతు మాత్రమే.

ఆకు ముందు ఎండుతుంది, కాడ తరువాత ఎండుతుంది. అలసంద, జనుము, పిల్లిపెసర, వేరుశనగ కట్టెలో మాంసకృత్తులు ఎక్కువగా ఉండేది ఆకులో. కాడ ఎండేలోగా ఆకు పొడై రాలిపోతే మిగిలేది పుల్ల. అందుకే పప్పుజాతి మేతను మిట్టమధ్యాహ్నం తిరగేయకూడదు. మంచు ఆరీఆరకముందు, ఆకు ఇంకా మెత్తగా ఉన్నప్పుడు తిప్పాలి. వరిగడ్డిలో సంగతి తలకిందులు. వరి ఆకులో ఇసుకలాంటి సిలికా ఎక్కువ. కాడే పశువుకు బాగా అరుగుతుంది. నేలకు దగ్గరగా కొడవలి పెట్టి కోసిన గడ్డికి, అడుగెత్తు మోడు వదిలేసి కోసిన గడ్డికి ఉన్న తేడా పరిమాణానిదే కాదు, మేలైన భాగం మోడుగా పొలంలోనే ఉండిపోతుంది.

పనల మీద మూడు రోజులు

కొడవలితో కోసిన వరిని గుప్పెళ్లుగా పనలు వేసి పొలంలోనే మూడు నాలుగు రోజులు ఎండనిస్తారు. తరువాత కట్టలు కట్టి గట్టు మీదకో, కళ్లానికో చేర్చి కుప్ప వేస్తారు. నూర్పు సంక్రాంతి ముందో వెనకో తీరిక చూసుకుని జరుగుతుంది. ఈ ఆలస్యం వెనక ఆలోచన ఉంది. కూలీలు కోతల్లో ఉండే రోజుల్లో నూర్పు కుదరదు. పైగా సరిగా వేసిన కుప్పలో వెన్నులు లోపలికి, మొదళ్లు బయటికి ఉంటాయి. మొదళ్లు కొంచెం కిందికి వాలి ఉంటే పడిన వాన బయటికి జారుతుంది. గడ్డే గింజకు గొడుగు పడుతుంది.

గడ్డి బాగుపడేదీ చెడేదీ చాలావరకు ఈ మూడు నాలుగు రోజుల్లోనే. పన పలుచగా ఉంటే రెండు రోజుల్లో ఆరుతుంది. మందంగా వేస్తే పైపొర ఎండి అడుగున నేల చెమ్మ పట్టే ఉంటుంది. కోసేముందు వారం, పది రోజుల నాడు మడిలో నీరు తీసేసి నేలను ఆరనిస్తే సగం పని అయినట్టే. ఆరని నేల మీద వేసిన పనకు పైనుంచి ఎండ, కిందినుంచి తడి తగులుతూ ఉంటాయి. మోళ్ల మీద పన ఆనేలా వేయడం అనుభవమున్న కోతగాళ్ల పని. ఆ నాలుగంగుళాల ఎత్తున కింద గాలి ఆడుతుంది.

ఈ ప్రాంతంలో పనలను తొందరగా ఎత్తాల్సిన మరో కారణం ఉంది. కోతకు మూడు నాలుగు రోజుల ముందు నిలిచి ఉన్న వరిలోనే పెసర, మినుము చల్లడం ఇక్కడి వాడుక. నేలలో మిగిలిన చెమ్మతోనే ఆ పంట పండుతుంది. పనలు వారం దాటి ఉంటే వాటి కింద మొలకలు పాలిపోయి సాగిపోతాయి, ఎత్తాక ఎండకు వాడిపోతాయి. పనలు వరుసల్లో సన్నగా వేయడం, మూడో రోజుకే ఎత్తి గట్టున ఆరబెట్టడం ఇందుకే. అపరాలు, గడ్డి, ధాన్యం మూడూ ఒకే వారం మీద ఆధారపడి ఉండటం ఉత్తరాంధ్ర వరి పొలానికి ప్రత్యేకమైన చిక్కు.

పనల మీద వాన పడితే చేయవలసింది ఒక వరుసలో ఉంది. మొదట పొలంలో నీరు నిలవకుండా గట్టు తెంచాలి. వాన తెరిపివ్వగానే లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి పనల మీద పిచికారీ చేయాలి. గింజ మొలకెత్తకుండా వ్యవసాయ శాస్త్రవేత్తలు చెప్పే ఉపాయమిది, గడ్డి మీద బూజును కూడా కొంత ఆపుతుంది. ఆ ఉప్పు వల్ల పశువుకు హాని లేదు. నౌపడ ఉప్పు మడులున్న జిల్లాకు ఇది మోయలేని ఖర్చు కూడా కాదు. ఆ తరువాత పనలు తిరగేయాలి. మరో వాన వచ్చే సూచన ఉంటే సగం ఆరిన వాటినైనా గట్టు మీదకు చేర్చి, వెన్నులు పైకి ఉండేలా కట్టలను ఒకదానికొకటి ఆనించి నిలబెట్టడం మేలు. పడుకున్న కట్టకంటే నిలబడిన కట్ట తొందరగా ఆరుతుంది. చేయకూడనిది ఒకటే: తడి గడ్డిని భయంతో పెద్ద కుప్పగా వేసి బరకం కప్పేయడం. బరకం పైనుంచి వచ్చే నీటిని ఆపుతుంది, లోపలి ఆవిరినీ ఆపుతుంది. వాన తగ్గగానే బరకం పక్కలు ఎత్తి గాలి పోనివ్వకపోతే రెండో రోజుకే కుప్పలో వేడి పుడుతుంది.

వరదకు మునిగి ఒండ్రు పట్టిన గడ్డిని మంచి గడ్డిలో కలపకూడదు. మట్టి పూసిన గడ్డిని పశువు తినదు, ఆకలికి తింటే కడుపు చెడుతుంది. అది పెంటకుప్పలోకి, చెట్ల మొదళ్లలోకి పోవాలి.

నూర్పు పద్ధతిని బట్టి గడ్డి గుణం మారుతుంది. బల్ల మీద కొట్టి రాల్చిన గడ్డి నిటారుగా, పొడుగ్గా ఉంటుంది. అది ఇంటి కప్పుకు, వామి నెత్తికి పనికొస్తుంది. ఎడ్లు, ట్రాక్టరు తొక్కిన గడ్డి నలిగి మెత్తబడుతుంది. పశువు దాన్ని ఇష్టంగా తింటుంది కాని వానను అదే సులువుగా పీల్చుకుంటుంది. రెండు రకాలూ ఉన్న రైతు నలిగినదాన్ని లోపల, నిటారు గడ్డిని పైన వేస్తాడు.

వామి

గడ్డివామి, గడ్డిమేటు, కుప్ప అని ఊరిని బట్టి పిలిచే ఈ కట్టడానికి తాపీమేస్త్రీ ఉండడు కానీ పనితనం తక్కువది కాదు. ఎత్తైన, నీరు నిలవని చోటు చూసి, రాళ్లు పరిచి వాటిపై తాటి దుంగలో సరుగుడు కర్రలో అడ్డంగా వేసి, వాటి మీద ఎండు కంప, తాటిమట్టలు పరుస్తారు. అడుగు ఎత్తు ఖాళీ ఉంటే చెమ్మ ఎక్కదు, చెదలు పట్టడం తగ్గుతుంది. నేల మీదే వేసిన వామిలో అడుగు వరుస ఏటా మట్టిపాలే. ఒక్కసారి పడిన కష్టానికి పదేళ్లు నిలిచే ఈ పీఠాన్ని చాలామంది చేసుకోకపోవడం విచారకరం.

వామి నడుమ ఎప్పుడూ అంచులకంటే ఎత్తుగా, గట్టిగా ఉండాలి. ఒకరు కింది నుంచి అందిస్తుంటే పైన ఉన్నవారు నడుమ తొక్కుతూ, అంచుల్లో గడ్డి మొదళ్లు బయటికి దిగేలా సర్దుతారు. అప్పుడు ప్రతి పొరా బయటికి వాలుతుంది. నడుమ వదులైతే కొన్ని వారాల్లో అక్కడ కుంగి గుంట పడుతుంది, ఆ గుంటలోకి దిగిన నీరు అడుగుదాకా పోతుంది. పైకి పోయేకొద్దీ కొంచెం వెడల్పు చేసి, భుజం దగ్గర నుంచి లోపలికి తీసుకుంటూ నెత్తి కూర్చుతారు. భుజం బయటికి ఉంటే చూరు నీరు గోడ మీద పడదు. నెత్తి ఏటవాలు నిట్రంగా ఉండాలి. దాని మీద పొడుగు గడ్డి, తాటాకు, ఉద్దానం వైపైతే కొబ్బరిమట్టలు కప్పుతారు.

తుపాను గాలి ఒక దిక్కు నుంచే రాదు. కేంద్రం దాటుతున్నకొద్దీ గాలి దిక్కు తిరుగుతుంది, ఒక వైపు కట్టిన తాడు ఆ తిరుగుడుకు పనికిరాదు. గడ్డితో పేనిన వెంటిని నెత్తి మీదుగా నాలుగు వైపులా దింపి, కొసలకు రాళ్లు వేలాడగట్టడం పాత పద్ధతి. వేలాడే రాయి వామి కుంగినా తాడును బిగుతుగానే ఉంచుతుంది. ఒడిశా, బెంగాల్ పల్లెల్లో నడుమ గుంజ పాతి దాని చుట్టూ గడ్డి వేసే తీరు కనిపిస్తుంది. ఆ గుంజ గాలికి వామిని పట్టి ఉంచుతుంది, గుండ్రటి వామికి గాలి తక్కువ ఆనుతుంది. ఒకే పెద్ద వామికి బదులు రెండు చిన్నవి వేయడం తడి వాతావరణంలో తెలివైన పని. ముందు ఎండిన గడ్డి ఒకదానిలో, అనుమానంగా ఉన్నది రెండోదానిలో వేసి, రెండోదాన్ని ముందు వాడేయవచ్చు.

ఎండాకాలపు భయం నిప్పు. ఇంటి పొయ్యి, కరెంటు తీగలు, చుట్టలు కాల్చే దారి వామికి దూరంగా ఉండాలి. ఊరి వామిలన్నీ ఒకే కళ్లంలో పక్కపక్కన ఉంటే ఒకదానికి అంటుకున్నది అన్నింటికీ పాకుతుంది. కొన్ని బారల ఎడం ఉన్నా చాలా నష్టం తప్పుతుంది. గడ్డిని ఒక పక్కనే దూసుకుంటూ పోతే వామికి గుహ ఏర్పడి నెత్తి కూలుతుంది. పైనుంచి కిందికి నిలువుగా కోసుకుంటూ, కోసిన వైపు కప్పి ఉంచితే చివరి మోపు దాకా గడ్డి పొడిగా ఉంటుంది.

వేడి, బూజు, జబ్బు

తేమ 20 శాతం మించిన గడ్డిని వామిలో వేస్తే సూక్ష్మజీవులు పని మొదలుపెడతాయి. వాటి ఊపిరికి వేడి పుడుతుంది. మొదటి రెండు మూడు వారాలు కీలకం. ఇనుప చువ్వను వామి నడుమదాకా గుచ్చి కాసేపు ఉంచి తీసి చేత్తో పట్టుకుంటే సంగతి తెలుస్తుంది. చేయి ఓర్చుకోలేనంత వేడి ఉంటే లోపల 60 డిగ్రీలకు చేరినట్టే. 70 దాటితే గడ్డి తనంతట తానే అంటుకునే ప్రమాదం ఉంది. అలాంటి వామిని నీళ్లు దగ్గర పెట్టుకోకుండా విప్పకూడదు, ఒక్కసారిగా గాలి తగిలితే మంట లేస్తుంది. వరిగడ్డిలో చక్కెరలు తక్కువ కనుక పచ్చిగా కోసి ఎండబెట్టిన గడ్డి అంత తొందరగా అంటుకోదు. వేడెక్కినది మాత్రం గోధుమరంగుకు తిరిగి, మాడిన వాసన వేసి, అందులోని మాంసకృత్తులు పశువుకు అందకుండా పోతాయి.

బూజు అంతకంటే పెద్ద ముప్పు. తడిసిన వరిగడ్డి మీద పెరిగే ఫ్యుసేరియం జాతి శిలీంధ్రాల విషం వల్ల గేదెల్లో డెగ్నాలా జబ్బు వస్తుంది. పంజాబ్‌లో, ఇప్పటి పాకిస్తాన్ భాగంలో, డెగ్ నాలా అనే వాగు పక్క ఊళ్లలో మొదట గుర్తించడంతో ఆ పేరు నిలిచింది. తోక కొస, చెవుల అంచులు, గిట్టల పైభాగం నల్లబడి చచ్చుబడి ఊడిపోతాయి. చలికాలంలో, బూజుగడ్డే ఆధారమైన చోట ఎక్కువ. ఇది అంటుజబ్బు కాదు. వెంటనే ఆ గడ్డి మానిపించి పశువైద్యుడికి చూపించాలి. నల్ల మచ్చలు పట్టి, దులిపితే పొగలా దుమ్ము లేచే గడ్డిని ఎండబెట్టి మళ్లీ వేయడం వల్ల లాభం లేదు. బూజు ఎండినా విషం పోదు. వేరుశనగ కట్టె బూజు పడితే అఫ్లాటాక్సిన్ పాలలోకి కూడా దిగుతుంది, ఆ పాలు తాగేది ఇంట్లో పిల్లలు.

మెట్ట పంటల మేత

విజయనగరం గరువు నేలలకు చోడి పాత చుట్టం. అక్కడి వ్యవసాయ పరిశోధన స్థానం చిరుధాన్యాల మీద పనిచేస్తోంది. శ్రీచైతన్య, వేగావతి లాంటి చోడి రకాలు అక్కడివే. చోడి వెన్ను పండేవేళకు కాడ ఇంకా పచ్చగా ఉంటుంది. ముందు వెన్నులు కోసుకుని, కాడను తెరిపి చూసి విడిగా కోసుకోవచ్చు. ఈ వెసులుబాటు వరికి లేదు. చోడిగడ్డి వరిగడ్డి కంటే బాగా అరుగుతుంది, సిలికా తక్కువ. చోడి విస్తీర్ణం తగ్గినకొద్దీ ఊళ్లో మంచి ఎండుమేత కూడా తగ్గింది. చోడి గురించి మాట్లాడేటప్పుడు మనిషి ఆరోగ్యం సంగతే వినిపిస్తుంది, గడ్డి సంగతి అరుదుగా వస్తుంది.

గట్ల మీది గరిక, బోదెల పక్క సన్నగడ్డి భాద్రపదం నుంచి విరివిగా పెరుగుతాయి. రోజూ మోపు కోసి పచ్చిగా వేయగా మిగిలేది పూత పట్టి ముదిరిపోతుంది. పూత మొదలైన దశలో, సగం మొక్కలు పూసేలోగా కోస్తే గడ్డి బరువూ సారమూ రెండూ కలిసొస్తాయి. సన్నకాడ గరిక రెండు ఎండలకు ఎండుతుంది. ఎండే నాటి సాయంత్రం మంచు పడకముందే చిన్న చిన్న కుప్పలుగా చేర్చి, మర్నాడు పొద్దెక్కాక పరచాలి. మనిషి ఒక పూటలో ఎత్తి కప్పగలిగినంతే కోయాలి. పది సెంట్లలో గడ్డి చక్కగా ఎండితే ఎకరం గడ్డి తడిసిపోవడంకంటే మేలు.

తెరిపి దొరకని ఏట నేల మీద ఎండబెట్టడం మానేసి గాలిలో వేలాడదీయడమే మార్గం. నార్వేలో, ఆల్ప్స్ కొండల్లో చిన్న రైతులు కర్రలకు తీగలు కట్టి వాటిపై గడ్డి ఆరేసేవారు. వాన పడినా పై పొర మాత్రమే తడిసేది. మూడు కర్రలను పైన కలిపి కట్టి, నడుమ అడ్డకర్రలు పెట్టిన త్రిపాది మీద గడ్డి వేసే పద్ధతి మన పశుపోషణ పుస్తకాల్లోనూ ఉంది. తీరం పొడుగునా సరుగుడు తోటలున్న శ్రీకాకుళంలో దీనికి కర్ర కరువు లేదు. ఒక రోజు నేల మీద వాడిన అలసంద, జనుము, వేరుశనగ కట్టెను అడుగున్నర ఎత్తు నుంచి పైకి వదులుగా వేసి, నడుమ బోలుగా ఉంచితే నాలుగైదు రోజుల్లో నీడలోనే ఆరుతుంది. ఆకు రాలదు, రంగు పోదు. ఇది విస్తారంగా వాడుకలోకి రావాల్సిన పద్ధతి. గడ్డి పూర్తిగా ఎండిందో లేదో తెలుసుకోవడానికి గుప్పెడు గడ్డి మెలితిప్పి చూడాలి. రెండు మూడు మెలికలకు పుటుక్కున విరిగితే ఎండింది. కాడను గోటితో గీస్తే పొర లేచిందంటే ఇంకా తడి ఉంది. కొంచెం తడి అనుమానమున్న గడ్డిని వేసేటప్పుడు పొరపొరకూ ఉప్పు చల్లడం మంచిదే, వంద కిలోలకు ఒకటి రెండు కిలోలు చాలు.

సూపర్ నేపియర్, ఏపీబీఎన్-1 లాంటి లావుకాడ గడ్డి ఈ వాతావరణంలో ఎండటం కష్టం. మిగిలినప్పుడు దాన్ని ముక్కలు చేసి, గాలి చొరబడకుండా తొక్కి పాతర వేయడమే తగిన దారి. పాతర గడ్డికి ఎండతో పని లేదు.

మేతగా వరిగడ్డి

ఎంత బాగా ఎండినా వరిగడ్డి బలహీనమైన మేతే. మాంసకృత్తులు 3 నుంచి 4 శాతం. అందులోని ఆక్సలేట్లు సున్నాన్ని కట్టిపడేస్తాయి కనుక పాలిచ్చే గేదెకు ఖనిజ లవణ మిశ్రమం తప్పనిసరి. ఎండలో వెలిసిన గడ్డిలో విటమిన్ ఎ పుట్టించే కెరోటిన్ దాదాపు ఉండదు. రోజుకు కొంత పచ్చిమేత వేస్తేనే ఆ లోటు తీరుతుంది. అయితే దాని పీచుకు విలువ ఉంది. పొట్టలో పీచు పులిసి పుట్టే ఆమ్లాల నుంచే పాలలో వెన్న తయారవుతుంది. వెన్న శాతాన్ని బట్టి డబ్బు కట్టే పాలకేంద్రంలో ఎండుగడ్డి తగ్గించి దాణా పెంచిన రైతుకు తేడా వెంటనే తెలుస్తుంది.

వరిగడ్డి సారం పెంచడానికి యూరియా పద్ధతి ఉంది. 4 కిలోల యూరియాను 65 లీటర్ల నీటిలో కరిగించి, 100 కిలోల గడ్డి మీద పొరపొరగా చల్లి, తొక్కి, గాలి పోకుండా కప్పి 21 రోజులు ఉంచుతారు. యూరియా నుంచి పుట్టిన అమ్మోనియా పీచును వదులు చేస్తుంది, మాంసకృత్తుల విలువ 7, 8 శాతానికి చేరుతుంది. విప్పాక కాసేపు ఆరబెట్టి ఘాటు పోనిచ్చి మేపాలి. కొలత తప్పితే ప్రాణాంతకం. ఆరు నెలల లోపు దూడలకు, నెమరు వేయని జంతువులకు పెట్టకూడదు. తడి వాతావరణంలో దీనికి మరో ఉపయోగం ఉంది. పూర్తిగా ఎండని వరిగడ్డిని చెడకుండా నిలిపేదీ ఆ అమ్మోనియానే. నీటి కొలత మాత్రం గడ్డిలో ఉన్న తడిని బట్టి తగ్గించుకోవాలి. గరివిడి పశువైద్య కళాశాల, మండలాల్లోని పశువైద్యశాలలు ఈ పద్ధతి చేసి చూపించగలవు.

యంత్రకోత, బేళ్లు

కూలీలు దొరకని ఊళ్లలో వరికోత యంత్రం వచ్చాక గడ్డి కథ మారింది. యంత్రం పండిన చేనునే కోసినా గడ్డి పచ్చిగానే ఉంటుంది. అది ముక్కలై, తొక్కుడుపడి, వరుసల్లో పొలంలో పడుతుంది. పొడుగు మోడు మిగిలిపోతుంది. చక్రాల కింద అపరాల మొలకలు నలుగుతాయి. వామి నెత్తి కప్పడానికి పొడుగు గడ్డి ఉండదు. ఆ గడ్డిని ట్రాక్టరుకు కట్టిన బేలరు చుట్టలుగా చుడుతుంది. మోయడం, అమ్మడం సులువు. అందువల్లే తొందర పుడుతుంది. బేలరు ఊళ్లోకి వచ్చిన రోజునే చుట్టించాలని గడ్డి ఆరకముందే చుట్టిస్తారు. వదులు వామిలో తేమకు దారి ఉంటుంది, గట్టిగా బిగిసిన బేలులో ఉండదు. పైకి బంగారురంగుగా కనిపించే బేలు నడుమ నల్లగా ఉండటం దానివల్లే. కొనేవారు ఒక బేలు విప్పించి నడుమ చేయి పెట్టి వాసన చూడటం న్యాయమైన కోరిక. ఎండ ఉంటే యంత్రకోత తరువాత మూడు నాలుగు రోజులు ఆరనిచ్చి, ఒకసారైనా తిరగేసి, అప్పుడు చుట్టించాలి. బేళ్లను కర్రల పీఠం మీద, వాటి మధ్య గాలి ఆడేలా పేర్చాలి.

కోత ముహూర్తం ఇప్పుడు పంచాంగంతో పాటు వాతావరణ సూచన చూసి పెట్టుకోవచ్చు. విశాఖపట్నం తుపాను హెచ్చరిక కేంద్రం నుంచి, మేఘదూత్ యాప్ ద్వారా అయిదు రోజుల సూచన తెలుగులోనే అందుతుంది. దాన్ని గడ్డి లెక్కలో చదువుకోవాలి. వాయుగుండం పేరు వినబడగానే, ఉన్న చేనంతా కోసేయడం చాలామంది చేసే పని. మూడు రోజుల్లో వాన ఉందంటే కోసిన చేను పనల మీదే దొరికిపోతుంది. పడిపోని రకమైతే నిలిచి ఉన్న వరి వాన ఆగిన పూటకే గాలికి ఆరుతుంది. నేల మీది పనకు ఆరు రోజులైనా చాలవు. పడిపోయేలా ఏపుగా పెరిగిన చేనుకు నాలుగైదు దుబ్బులు కలిపి జడలా కట్టి నిలబెట్టడం ఒక్కటే దారి. అప్పటికే కోసి ఉన్నదాన్ని ఆరిన మేరకు కట్టలు కట్టి, ఎత్తైన చోట చిన్న కుప్పలు వేసి, వాన వెలిసిన మర్నాడే విప్పి మళ్లీ ఎండకు పరచాలి.